గంపకు కండ చాలదు

మా ఇళ్ళల్లో పెళ్ళికూతురు మంటపానికి నడిచి రాదు. వెదురు గంపలో వడ్లు పోసి, వాటి మీద పిల్లను కూర్చోబెట్టి, మేనమామ మోసుకొస్తాడు. గంప అడుగు నుంచి కొత్త పంచె చుట్టి రెండు కొసలూ మామ మెడ వెనక ముడి వేస్తారు. బరువు భుజాల మీద పడుతుంది, చేతులు గంప అంచును పట్టుకుంటాయి. ఒకసారి లేచిన గంప మంటపం చేరేదాకా నేలకు తగలకూడదు. ఈ పద్ధతి పెట్టిన కాలంలో పెళ్ళికూతుళ్ళంటే పలకాబలపం పట్టుకునే పిల్లలు. ఆ తర్వాత పెళ్ళికూతుళ్ళు పెరిగారు గానీ పద్ధతి ఎక్కడిదక్కడే ఉంది. అందుకే ఇప్పుడు చాలా పెళ్ళిళ్ళలో నలుగురు మామలు నాలుగు వైపులా పట్టుకుని, ఫొటోకు నవ్వి, పది అడుగులు వేసి దించేస్తారు.

మా అక్క కూతురికి నలుగురు మామలు లేరు. ఉన్నది నేనొక్కడినే.

నాకు నంద్యాల స్టేషన్ రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే షాపుంది. రోజంతా స్టూలు మీద కూర్చుని రాగి తీగ చుట్టే పని. ఆ కూర్చోవడానికి విరుగుడుగా కుర్రతనం నుంచీ సాయంత్రం జిమ్ముకు పోయి బరువులు ఎత్తడం అలవాటు. చేతులు బాగా వచ్చాయి. దాచడం దేనికి, ఆ చేతులంటే నాకు మురిపెం. చొక్కా చేతులు కాస్త బిగువుగా కుట్టమని టైలరుకు చెప్పేవాణ్ణి. చలికాలంలో కూడా షాపులో బనియన్‌తో కూర్చునేవాణ్ణి. "స్వెటరేసుకుంటే ఎవరికీ కనపడవని భయం" అని మా ఆవిడ కస్టమర్ల ముందే అనేది.

నిశ్చితార్థం ఆళ్లగడ్డలో, అక్క వాళ్ళింట్లో జరిగింది. వంట మిద్దె మీద పెట్టుకున్నారు. బియ్యం బస్తాలు కింద దిగాయి, మోసే మనిషి ఇంకా రాలేదు. మగపెళ్ళివారు వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. చూసేవాళ్ళుంటే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. ఒక బస్తా భుజానికెత్తుకుని మెట్లెక్కాను. ఎత్తడం అవలీలగానే అయింది. మొదటి మలుపు దాటేసరికి గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. మిద్దె మీదికి చేరి బస్తా దించి నీళ్ళ ట్యాంకు పక్కన కూలబడ్డాను. ఎవరో మంచినీళ్ళిస్తే వద్దని చెప్పడానికి కూడా నోరు రాలేదు.

మా బావ వెనకాలే పైకి వచ్చాడు. ఆయన శిల్పి. ఊరి బయట రోడ్డు పక్కన షెడ్డులో దేవుళ్ళనూ, దేవుళ్ళంతటి నాయకులనూ చెక్కుతాడు. బరువుల సంగతి ఆయనకు తెలియంది కాదు.

"ఏమప్పా, మేడ బలంగానే కట్టినావ్. కిటికీలు పెట్టేది మర్సిపోయినట్టుండావే" అన్నాడు.

నేను గస పోసుకుంటూ ఆయన వంక చూశాను.

"పెళ్ళినాటికి నువ్వేం తిప్పలు పడొద్దులే. మా షెడ్డులో చెయిన్ కప్పీ ఉంది. విగ్రహాలను లేపినట్టు పాపను కూడా మెల్లగా లేపుతాం."

కిందికి దిగాక ఈ మాట నలుగురిలోనూ మళ్ళీ అన్నాడు. మగపెళ్ళివారు కూడా నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "గంప నేనొక్కణ్ణే మోస్తా. ఇంకో చెయ్యి పడేదానికి లేదు. కింద పెట్టేదీ లేదు" అని అందరి ముందూ అనేశాను. అన్న తర్వాత గానీ గుండెలో రాయి పడలేదు.

కోపంలో వచ్చిన మాటే అయినా అది అబద్ధం మాత్రం కాదు. అక్కకు పెళ్ళైన చాలా ఏళ్ళకు ఆ పిల్ల పుట్టిననాడు నర్సు బయటికి తెచ్చి మొదట నా చేతుల్లోనే పెట్టింది. నాకు ఆడపిల్లలు లేరు. మేనమామగా నాకు దక్కే పని జన్మలో ఇదొక్కటే, అదీ నలుగురితో పంచుకోవడం నాకు ఇష్టం లేదు. ఇది నాలో ఎంత బలంగా ఉందో ఆ రోజే నాకూ తెలిసింది.

మా మేనకోడలు నంద్యాలలో బ్యాంకులో పని చేసేది. సాయంత్రం ఆళ్లగడ్డ బస్సుకు ముందు నా షాపుకొచ్చి కూర్చునేది. మనిషి పొడవు, ఎముక పుష్టి, నవ్వితే షాపు రేకులు అదురుతాయి. పెళ్ళికి ముందు ఆడపిల్లలు సన్నబడతారని విన్నాను కదా, ఆ ఆశతో మెల్లగా కదిపాను.

"పాపా, పెళ్ళిలోపల ఏమన్నా తగ్గే ఆలోచనుందా?"

"నేను తగ్గను మామా. నువ్వే పెరుగు" అని మిరపకాయ బజ్జీ ఇంకొకటి తీసుకుంది.

మర్నాడే పరుగు మొదలుపెట్టాను. ఆరంభశూరత్వం మా వంశంలోనే ఉంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్రౌండు చుట్టూ పరిగెత్తేవాణ్ణి. సాయంత్రం జిమ్ము మామూలే. ఒళ్ళు తేలికైతే ఊపిరి పెరుగుతుందని ఎవడో చెబితే రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో లేచేవాణ్ణి. నెల తిరిగేసరికి గస తగ్గిన మాట నిజం. పిక్కలు కూడా తేలిగ్గా ఆడుతున్నాయి. నా అంతటివాడు లేడనుకున్నాను.

ఒక సాయంత్రం జిమ్ములో బెంచీ మీద పడుకుని, ఏళ్ళ తరబడి ఎత్తుతున్న బరువునే ఛాతీ మీదికి దించుకున్నాను. అది మళ్ళీ పైకి లేవలేదు. పక్కనున్న ఇద్దరు వచ్చి నా మీద నుంచి తీశారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే చొక్కా చేతులు వదులుగా వేలాడుతున్నాయి.

"పెళ్ళికూతురు సన్నబడుతుందంటే నువ్వు సన్నబడతాండావేంది" అంది మా ఆవిడ.

పరిగెత్తితే కండ కరిగిపోతుందని జిమ్ములో పిల్లలు అంటూనే ఉంటారు. అదే అయిందని రూఢి చేసుకుని బూట్లు అటక మీదికి విసిరేశాను. మళ్ళీ బరువులు మాత్రమే ఎత్తాను. కొన్నాళ్ళకు చేతుల్లో సత్తువ తిరిగొచ్చింది, దానితో పాటే గసా తిరిగొచ్చింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. కండ కావాలంటే ఊపిరి పోతుంది, ఊపిరి కావాలంటే కండ పోతుంది. గంపకేమో రెండూ కావాలి. ఇంట్లో ప్రతి చిన్నదానికీ విసుక్కోవడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఒకరోజు సంగటి ముద్ద కంచంలో ఠపీమని వేసి, "నాతో కాదు, ఆ జిమ్ము ఆయప్పతో కొట్లాడిపో" అంది.

నిజంగానే పోయి కొట్లాడాను. జిమ్ము నడిపే భాయ్ నాకంటే చిన్నవాడు. మాట మాత్రం ఎవరికీ తగ్గించి మాట్లాడడు. పరుగు నా కండను తినేసిందనీ, ముందే ఎందుకు చెప్పలేదనీ గట్టిగా అడిగాను.

"నన్నడిగి పరిగెత్తినావా అన్నా? సరే, పొద్దున ఏం తిని పోతాంటివి?"

"ఏం తినలా."

"రాత్రి?"

"రెండు పుల్కాలు."

"నీ కండను పరుగు తినలేదన్నా. ఆకలికి నువ్వే తినేసినావ్" అన్నాడు.

ఆ తర్వాత బల్ల మీద కూర్చోబెట్టి చాలాసేపు చెప్పాడు. వినడం నాకు అలవాటు లేదు, ఆ రోజు విన్నాను. బరువులు ముందు, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎత్తాలి. ఎత్తే బరువు తగ్గించకూడదు. బరువు ఎత్తుతూ ఉంటేనే ఈ కండతో ఇంకా పనుందని ఒంటికి తెలుస్తుంది. పరుగో, నడకో, సైకిలో ఆ తర్వాత, లేకపోతే వేరే రోజున. అది కూడా చాలామటుకు మాట్లాడుతూ చేయగలిగే వేగంలోనే. వారానికి ఒక్కసారి మాత్రం నోట మాట రానంత గట్టిగా చెయ్యి, అయితే కాళ్ళకు బరువులు పెట్టే రోజు దాని పక్కన పడకుండా చూసుకో. అన్నిటికంటే ముందు కడుపునిండా తిను, కంటినిండా పడుకో.

"రెండింటికీ కొట్లాట పెట్టొద్దన్నా. ఒకే ఇంట్లో కాపురం చేయించు" అన్నాడు చివరికి.

మాట్లాడుతూ నడవమంటే ఎవరితో మాట్లాడాలి? మా ఆవిడను తోడు రమ్మన్నాను. మొదట నవ్వింది, తర్వాత బూట్లు కొనుక్కుంది. జిమ్ము లేని సాయంత్రాలు షాపు మూసి ఇద్దరం ఊరి బయటికి, రైసు మిల్లులు దాటి వడివడిగా నడిచేవాళ్ళం. పెళ్ళైన ఇన్నేళ్ళలో టీవీ మధ్యలో లేకుండా మేము అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడే. ఆమె చిన్నప్పుడు బడిలో ఖోఖో ఆడేదని కూడా నాకు అప్పుడే తెలిసింది. నాకు గసొచ్చి మాట ఆగిపోతే, "ఊపిరి రానీ, కొట్లాట ఆడ్నుంచే మొదలుపెడదాం" అని వేగం తగ్గించేది.

ఆదివారాలు పొద్దున్నే సైకిలు మీద మహానందికి పోయేవాణ్ణి. దారి పొడవునా అరటి తోటలు, నల్లమల మీది నుంచి చల్లటి గాలి. ఎవరితోనూ పందెం లేకుండా, లారీలను ముందుకు పోనిచ్చి, నోటికొచ్చిన పాట పాడుకుంటూ తొక్కేవాణ్ణి. పాట ఆగిందంటే వేగం ఎక్కువైందని లెక్క. వచ్చేటప్పుడు హ్యాండిలుకు ఒక అరటిపళ్ళ అత్తం తగిలించుకుని వచ్చేవాణ్ణి. అంత హాయిగా ఉండే పనిని మందు మింగినట్టు చేశానే అని నామీద నాకే నవ్వొచ్చింది.

తిండి మళ్ళీ దారిలో పడింది. పొద్దున గుడ్లు, నానబెట్టిన శనగలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, గడ్డపెరుగు. జిమ్ముకు పోయిన రాత్రి సంగటీ నాటుకోడీ. "పెళ్ళి ఆళ్లగడ్డలో, మేపుడు ఈడ" అనేది మా ఆవిడ. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయి ఎండలు ముదిరేనాటికి చొక్కా చేతులు మళ్ళీ బిగిశాయి. బెంచీ మీది బరువు మళ్ళీ నా మాట వింది.

ఇక మోత సాధన. గంపలో పిల్ల ఒక్కసారే కూర్చోవాలి, ముందుగా కూర్చోబెట్టి చూడటం మంచిది కాదని మావాళ్ళ నమ్మకం. అందుకని బియ్యం బస్తాకు పంచె చుట్టి, మెడకు వేసుకుని, మా బిల్డింగు మెట్లు ఎక్కి దిగేవాణ్ణి. పై అంతస్తులో ఉండే పెద్దావిడ రెండు రోజులు గుమ్మంలో నిలబడి చూసింది. మూడోనాడు, "ఎట్లాగూ మోస్తాండావ్ గదా నాయనా, కింద మాదొకటుంది, అదీ పైకి చేర్చు" అంది. చేర్చాను. గస పోయకుండా, ఆమె మోకాళ్ళ నొప్పుల సంగతి అడుగుతూ చేర్చాను. ఆ రోజు బంధువుల ఇళ్ళకు ఫోన్లు చేసి అందరికీ చెప్పుకున్నాను.

పెళ్ళి ఆళ్లగడ్డలోనే, కొత్తగా కట్టిన కల్యాణ మంటపంలో. పెళ్ళికూతురి గది పై అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ అందులో గంప పట్టదు. ఆ సంగతి బావ ముందే టేపుతో కొలిచి చూసి, నాకు చెప్పకుండా దాచాడు. పొద్దున నేను పైకి పోయేసరికి గది బయట ఆయన షెడ్డులో రాళ్ళు లేపే మనుషులు నలుగురు కొత్త చొక్కాలు తొడుక్కుని గోడకానుకుని నిలబడి ఉన్నారు.

"వీళ్ళేంటికి ఈడ?" అన్నాను.

"ఫొటోల కోసమప్పా" అన్నాడు బావ, ఎటో చూస్తూ.

వాళ్ళను నేనే కిందికి తరిమాను. అక్క ఆ పక్కనే గంపకు పసుపు రాస్తూ ఉంది.

నేను అన్నీ లెక్క వేసుకున్నాను గానీ ఒకటి మరిచిపోయాను. గంపలో వడ్లు. ముత్తైదువలు దోసిళ్ళతో పోస్తూనే ఉన్నారు, పిల్ల ఇంట్లో గాదెలు నిండాలని ఒక్కొక్కరూ ఇంకాస్త పోశారు. చాలు అనడానికి మేనమామకు హక్కు లేదు. కోడలు కొబ్బరిబోండం పట్టుకుని అందులో కూర్చుంది. మెడ వెనక పంచె ముడి పడింది. నేను మోకాళ్ళ మీద దిగి, గట్టిగా గాలి పీల్చి లేచాను. కాళ్ళు వణకలేదు. బయట డోలూ సన్నాయీ అందుకున్నాయి.

మెట్ల దగ్గరికి వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. బియ్యం బస్తా సన్నం, దాని పక్కనుంచి నాకు నా కాళ్ళు కనిపించేవి. గంప వెడల్పు, అందులో పట్టుచీరా పూలజడా. ముందు ఏముందో కనపడదు. ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాను. ఇక్కడ తడబడితే నా పరువు సంగతి దేవుడెరుగు, పిల్ల పడుతుంది. నలుగురినీ వెనక్కి పిలుద్దామా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు మా బావ నా ముందుకొచ్చి, పట్టుపంచె పైకెగగట్టి, నావైపు తిరిగి వెనక్కి వెనక్కి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

"రానీ... రానీ... ఇంగో మెట్టు. కొంచెం కుడికి. రానీ."

లారీని వెనక్కి తీయించే క్లీనరు ఎలా అరుస్తాడో అచ్చం అలాగే. రెండు చేతులూ గాలిలో ఆడిస్తున్నాడు. నేను ఆయన మాట మీద కాలు వేసుకుంటూ దిగుతున్నాను. ఇంతలో గంప అదిరింది. కోడలు నవ్వుతోంది. మొదట ఆపుకుంది, తర్వాత ఆగలేదు. గంప ఊగుతోంది, వడ్లు మెట్ల మీద రాలుతున్నాయి. బియ్యం బస్తా ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నవ్వలేదు కాబట్టి దీనికి నాకు సాధన లేదు.

"నవ్వొద్దు పాపా. నాకూ వస్తాంది."

"నాయన్ను సూడు మామా, నాయన్ను సూడు."

చూశాను. నవ్వొచ్చేసింది. అంత బరువు మోస్తూ నవ్వాను, నవ్వుతూనే మెట్లు దిగాను. నిశ్చితార్థం నాటి ఊపిరైతే ఆ మొదటి నవ్వుకే గంప నేల మీద ఉండేది.

"మామా, నువ్వు మాట్లాడతాండావే" అంది కోడలు ఉన్నట్టుండి, ఆశ్చర్యంగా.

"మాట్లాడేదే కాదు, కావాలంటే పాడతా."

"వద్దులే."

హాలు మధ్యలో జనం దారి ఇచ్చారు. మా ఆవిడ పక్కనే నడుస్తూ, రోజూ మిల్లుల దారిలో నడిచినట్టే నాతో అడుగు కలిపింది. మంటపం మెట్లెక్కి, మోకాళ్ళ మీద దిగి గంపను పీటల పక్కన పెట్టాను. ఇంకో చెయ్యి పడలేదు. బావ తన ఉత్తరీయంతో నా మొహం తుడిచాడు. ఏదో ఒకటి అంటాడని చూశాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే. నా సంతోషానికి ఆ రోజు హద్దు లేదు. అక్షింతలు వేసేటప్పుడు పక్కవాళ్ళ తలల మీద కూడా వేశాను.

భోజనాలు అయ్యాయి. పిల్లను అత్తారింటి కారెక్కించాం. హాలు ఖాళీ అవుతోంది, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తున్నారు. నేను మంటపం కింద చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. అక్క గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పక్కనే గంప ఖాళీగా ఉంది. అక్క దాని అంచు మీద చెయ్యి వేసి రాస్తూ ఉంది.

"నాకు గంప కట్టలేదురా" అంది.

"ఎందుకు?"

"మనమ్మకు తోడబుట్టినోళ్ళు యాడుండారు? మామ లేని పిల్లకు గంపేందని నడిపించినారు. నువ్వప్పుడు ఇంతుండావ్. నా కొంగు పట్టుకొని పక్కనే నడిచినావ్. నీకేం గుర్తుంటుందిలే."

బాధగా అనలేదు. ఊరికే, కూర గురించి చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్ళుగా ఆ పెళ్ళి ఫొటో మా ఇంటి గోడ మీద ఉంది. అందులో అక్క పక్కన నేనున్నాను. గంప లేదని నాకు ఎప్పుడూ తట్టలేదు.

మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాను. లేచి పొద్దున గంపకు కట్టిన పంచె తీసి మళ్ళీ గంప అడుగున చుట్టాను.

"ఎక్కు" అన్నాను.

"ఏందిరా, పిచ్చి పట్టిందా? ఈ వయసులో ఎవరన్నా సూస్తే..."

"సూడనీ. ఎక్కు."

"పొద్దున అంత మోసినావ్. నడుం పట్టుకుంటుంది."

"నా దగ్గర ఇంకా ఉంది అక్కా. ఎక్కు."

అక్క మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ అప్పటికే పంచె కొసలు పట్టుకుని నిలబడింది. అక్క చుట్టూ ఒకసారి చూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని గంపలో కూర్చుంది. నేను మోకాళ్ళ మీద నుంచి లేచాను. కుర్చీలు పేర్చేవాళ్ళు ఆగిపోయి చూస్తున్నారు. దూరంగా లెక్కలు చూసుకుంటున్న మా బావ ఇది చూశాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా మంటపం ఎక్కి, పెళ్ళికొడుకు పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"బేగా తేప్పా, ముహూర్తం దాటిపోతాంది" అని అక్కడి నుంచి అరిచాడు.

నేను అటువైపు నడిచాను. ఖాళీ హాలు, నాలుగు అడుగులేస్తే మంటపం మెట్లు. అక్క నా మెడ చుట్టూ చెయ్యి వేసి, నా చెవికి మాత్రమే వినబడేలా అంది.

"బేగా పోవద్దురా. నిదానంగా పో."

నేను మెట్లెక్కకుండా పక్కకు తిరిగి, హాలు చుట్టూ ఒక చుట్టు తిరిగాను.